కారు షెడ్డు షట్టర్‌కు కొత్త మోటార్: ఏ రకం, ఎంత ఖర్చు? తిరుపతి, చిత్తూరు ఇళ్ల కోసం ఒక సమీక్ష

షట్టర్ మోటార్ కాలిపోయిందని ఫోన్ చేస్తే అవతలివాళ్లు ముందుగా అడగాల్సింది "వెడల్పెంత, ఎత్తెంత, రేకు ఎన్ని గేజీ?" అని. అవేవీ అడక్కుండా "మూడొందల కేజీలు ఎత్తేది ఇంత, ఆరొందలది ఇంత" అని ధర చెప్పేశారంటే అది మోటార్ పెట్టె ధర మాత్రమే. మీ షట్టర్ మళ్లీ సాఫీగా లేచి దిగడానికి అయ్యే ఖర్చు అందులో లేదు. అందుకే పన్నెండు వేలనుకుని మొదలుపెట్టిన పని తడిసి మోపెడవుతుంది. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇంటి కారు షెడ్డుకు పాత మోటార్ తీసి కొత్తది పెట్టించేవాళ్లు ఏ రకం తీసుకోవాలో, చేతిలో ఎంత ఉంచుకోవాలో, ఎక్కడ డబ్బు దండగవుతుందో ఇక్కడ చూద్దాం. ధరలన్నీ సుమారువే. కంపెనీని బట్టి వెయ్యీ రెండు వేలు అటూ ఇటూ అవుతాయి.

ముందు, మోటారే పోయిందా?

కొత్తది కొనాలన్న నిర్ణయం ఈ ప్రశ్న దాటాకే. మోటార్ పోయిందనుకునే కేసుల్లో చాలావాటిలో పోయింది మోటార్ కాదు, దాని పక్కనున్న చిన్న సామాను. ఎంసీబీ దించేసి, కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు పోయేదాకా ఆగి, ఆ తర్వాతే మూత తీయించాలి.

స్విచ్ నొక్కితే మోటార్ మూలుగుతూ తిరగడం లేదంటే మొదటి అనుమానం కెపాసిటర్ మీద. ఫ్యాన్లు బాగుచేసేవాళ్లు కండెన్సర్ అంటారే, అదే. దాని మీద రాసిన మైక్రోఫారాడ్ విలువ ఎంతుందో అంతే ఉన్నది, 450 వోల్టులది వేయించాలి. 150 నుంచి 400 రూపాయల్లో పని అయిపోతుంది. ఎక్కువ విలువది వేస్తే బలం పెరుగుతుందని కొందరు మెకానిక్కులు చెబుతారు, ఒప్పుకోవద్దు. వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్ట) వేడెక్కి కొద్ది నెలల్లో నిజంగానే మోటార్ కాలుతుంది.

కెపాసిటర్ బాగానే ఉండి ఇంకా మూలుగుతుంటే బ్రేకు చూడాలి. సైడ్ మోటార్ (షట్టర్ పక్కన కూర్చునే రకం) వెనక భాగంలో విద్యుదయస్కాంత బ్రేకు ఉంటుంది. కరెంటు అందగానే "టక్" మని వదలాలి. ఆ చప్పుడు రాకపోతే బ్రేకు కాయిల్ గానీ దానికి ఏసీని డీసీగా మార్చి కరెంటిచ్చే రెక్టిఫయర్ గానీ పోయినట్టు. మోటార్ తన బ్రేకుతోనే పెనుగులాడుతోందన్నమాట. అలా వదిలేస్తే కాలిపోతుంది, ఆ రోజే సరిచేయిస్తే వెయ్యీ పదిహేను వందలతో పోతుంది.

పైకి పోతోంది, కిందికి రావడం లేదు అంటే షట్టర్‌ను పైన, కింద సరైన చోట ఆపే లిమిట్ పెట్టెలోని మైక్రో స్విచ్ లేదా గోడ స్విచ్. గోడ స్విచ్‌కు పలుకుతూ రిమోట్‌కు పలకకపోతే రిమోట్ బ్యాటరీ, ఆ తర్వాత రిసీవర్ బోర్డు. 433 మెగాహెర్ట్జ్ రిసీవర్‌కు ఏరియల్ తీగ దాదాపు 17 సెంటీమీటర్లు ఉండాలి. పెయింటింగ్ పనిలోనో వైరింగ్ పనిలోనో దాన్ని కత్తిరించేసి, "రిమోట్ రేంజి పడిపోయింది" అని బోర్డే మార్చేస్తుంటారు. బోర్డు పక్కనే చౌకరకం ఎల్ఈడీ బల్బు ఉన్నా రేంజి తగ్గుతుంది. బల్బు ఆర్పి చూస్తే తేలిపోతుంది.

వరసగా నాలుగైదుసార్లు ఎత్తి దించాక ఆగిపోయి, అరగంట తర్వాత మళ్లీ నడిస్తే అది వేడెక్కితే మోటార్‌ను ఆపేసే లోపలి థర్మల్ కటాఫ్ చేసిన పని. మోటార్ తన్ను తాను కాపాడుకుంటోంది. రోజుకు రెండుసార్లు వాడేటప్పుడు కూడా అలా ఆగితే మాత్రం షట్టర్ బరువెక్కింది, లేదా వోల్టేజీ చాలడం లేదు.

వైండింగే కాలిందని తేలితే రివైండింగ్‌కు, అంటే ఆ తీగ మళ్లీ చుట్టడానికి, 3,000 నుంచి 4,500 దాకా అడుగుతారు. మోటార్ ఐదేళ్ల లోపుది, గేరు పెట్టెలో నూనె కారడం లేదు, పళ్లు అరగలేదు అంటే చేయించవచ్చు. గేరు అరిగిన పాత మోటార్‌కు రివైండింగ్ పెట్టడం నా లెక్కలో దండగ. కొత్తదాని ధరలో నలభై శాతం దాటే ఏ రిపేరూ అంతే.

బరువు లెక్క

దీనికి తూకం అక్కర్లేదు, టేపు చాలు. 18 గేజీ రేకు అంటే 1.2 మిల్లీమీటర్ల మందం, 20 గేజీ అంటే 0.9. పట్టీలు వంపులు తిరిగి ఒకదాంట్లో ఒకటి కొక్కెం పడతాయి కాబట్టి చదును రేకు కంటే బరువు పెరుగుతుంది. 18 గేజీకి చదరపు అడుగుకు దాదాపు 1.25 కిలోలు, 20 గేజీకి ఒక కిలో వేసుకోవచ్చు. గుమ్మం ఎత్తుకు ఇంకో అడుగు కలపాలి, ఎందుకంటే పైపుకు చుట్టుకుని ఉండే భాగం కూడా రేకే. కింది పట్టీకి, తాళం రేకులకు పది పదిహేను కిలోలు.

పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న షెడ్డు తీసుకుందాం. మామూలు కారు షెడ్డు ఇంతే ఉంటుంది. తొమ్మిదడుగుల ఎత్తుతో లెక్కేస్తే 90 చదరపు అడుగులు, 18 గేజీలో 112 కిలోలు, కింది పట్టీతో కలిపి 125 దాకా. దీనికి ఒకటిన్నర రెట్లు పట్టుకుంటే 190. అంటే 300 కేజీల మోటార్ హాయిగా చాలు. అదే పద్నాలుగు అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తయితే 154 చదరపు అడుగులు, 190 కిలోలు దాటి, పట్టీతో 205 అవుతుంది. ఒకటిన్నర రెట్లంటే 300 మించిపోయింది. అక్కడ 500 లేదా 600 కేజీలది తీసుకోవాలి.

ఆ ఒకటిన్నర రెట్లు ఎందుకంటే, మోటార్ మీద రాసిన సంఖ్య పూర్తి వోల్టేజీ మీద, అరగని బేరింగుల మీద, నిటారు గైడుల (పట్టీలు జారే పక్క గాడుల) మీద వచ్చే సంఖ్య. ఈ రకం మోటార్ బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యను) బట్టి పడిపోతుంది. 230 ఉండాల్సింది 190 వస్తే బలం మూడింట రెండు వంతులకు దిగుతుంది. మే నెల సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆడుతున్నప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇంటి చివరి స్విచ్ దగ్గర ఈ సంఖ్య కనబడటం వింతేమీ కాదు. వోల్టేజీ కొలిచేటప్పుడు షట్టర్ పైకి లేస్తుండగా కొలవాలి, ఊరికే ఉన్నప్పుడు కాదు. ఊరికే ఉన్నప్పుడు 225 ఉండి లేచేటప్పుడు 195 కి పడిందంటే తప్పు ఇంటి వైరులో ఉంది. ఒక చదరపు మిల్లీమీటరు వైరు తీసేసి 2.5 ది వేస్తే సరిపోయేచోట ఆరొందల కేజీల మోటార్ కొన్నవాళ్లున్నారు.

పెద్ద మోటార్ పెడితే ఏం పోయింది అనేవాళ్లకు ఒక్కమాట: డబ్బొక్కటే కాదు. గైడులో రాయి ఇరుక్కున్నా, ఎవరో లోపలి గడియ వేసి మరిచినా, చిన్న మోటార్ ఆగిపోతుంది. పెద్దది ఆగకుండా లాగి పట్టీలను వంచేస్తుంది.

ఇక మూడు రకాలు

సైడ్ మోటార్ మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది. షట్టర్ పైపుకు ఒక పక్క మందపాటి ఇనప ప్లేటు మీద కూర్చుని గొలుసుతో పైపును తిప్పుతుంది. 300 కేజీలది బోర్డు, రెండు రిమోట్లతో కలిపి 11,000 నుంచి 15,000 మధ్య, 600 కేజీలది 15,000 నుంచి 20,000 మధ్య అడుగుతారు. దీనికున్న పెద్ద మేలు చేతి గొలుసు. కరెంటు పోతే లోపల వేలాడే గొలుసు లాగి ఎత్తుకోవచ్చు. ప్రతి భాగమూ బయటికి కనిపిస్తుంది, విడిగా దొరుకుతుంది, ఏ షట్టర్ మిస్త్రీకైనా తెలుసు. చప్పుడు ఎక్కువ, పక్కన అడుగు చోటు కావాలి. ఇంటికి ఏది అని అడిగితే నా ఓటు దీనికే.

దీని బలహీనత ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. స్ప్రింగుల్లేని షట్టర్ మొత్తం బరువు ఆ గొలుసు మీద, పెద్ద పళ్లచక్రాన్ని పైపుకు అతికిన వెల్డింగు మీద ఆధారపడి ఉంటుంది. ఏది తెగినా నూరు కిలోల రేకు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. పైపు రెండో చివర బిగించే సేఫ్టీ బ్రేకు దీనికోసమే. వేగం హద్దు దాటగానే అది పైపును పట్టేస్తుంది. మన వైపు ఇళ్లలో దీన్ని దాదాపు ఎవరూ పెట్టరు, అడిగితే "అవసరం లేదు సార్" అంటారు. పిల్లలు ఆడుకునే పోర్టికో ముందు షట్టర్ ఉంటే, రిమోట్‌లో యాప్ లాంటి హంగులు మానుకుని ఆ డబ్బు దీనికి పెట్టండి.

సెంటర్ మోటార్ స్ప్రింగు షట్టర్లకు. ఇదివరకు చేత్తో ఎత్తి దించుకునే షట్టర్ పైపు మధ్యలో ఇది అమరుతుంది. బరువులో ఎక్కువ భాగం స్ప్రింగులే మోస్తాయి, మోటార్ తిప్పుతుంది. పక్కన చోటు లేని ఇరుకు షెడ్లకు ఇదే దారి. ఇది తరచూ కాలడానికి కారణం ఒక్కటే, స్ప్రింగులు. ఏళ్లు గడిచేకొద్దీ స్ప్రింగు పట్టు సడలుతుంది, ఆ బరువంతా మోటార్ మీద పడుతుంది. పరీక్ష సులభం: విడుదల తీగ లాగి మోటార్ వదిలించి, షట్టర్‌ను చేత్తో నడుం ఎత్తుకు లేపి మెల్లగా వదలాలి. అక్కడే నిలిచిందా, స్ప్రింగు బాగున్నట్టు. దభీమని పడబోతే ముందు స్ప్రింగులు మార్చాలి. స్ప్రింగులు మార్చకుండా సెంటర్ మోటార్ మాత్రం మారుస్తామనే కొటేషన్ ఎంత తక్కువైనా తీసుకోవద్దు. ఏడాది తిరక్కుండా అదే ఖర్చు మళ్లీ వస్తుంది. స్ప్రింగు మార్చడం మాత్రం ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడని పని. బిగించిన స్ప్రింగు జారితే మణికట్టు విరుగుతుంది.

ట్యూబ్ మోటార్ పైపు లోపలే దాక్కుంటుంది. చప్పుడు తక్కువ, చూడ్డానికి బాగుంటుంది. దీని బలాన్ని కిలోల్లో కాక, తిప్పే బలానికి కొలతైన న్యూటన్ మీటర్లలో చెబుతారు. 60 కిలోల అల్యూమినియం షట్టర్‌కు, సన్నని పైపు మీద, 50 న్యూటన్ మీటర్లది సరిపోతుంది. ఫ్రెంచి కంపెనీ సోమ్ఫీకి పేరొచ్చింది ఈ రకంతోనే. నాలుగు నిమిషాలు ఆపకుండా తిప్పితే ఆగిపోయేలా వీటిని చేస్తారు, ఇంటి వాడకానికి అది చాలు. ఇబ్బంది రిపేరుతో. లోపల ఏది పోయినా షట్టర్ మొత్తం దించి పైపు విప్పాలి. కరెంటు లేనప్పుడు తిప్పే హ్యాండిల్ ఉన్న మోడలే కొనాలి, అది లేని చౌక మోడళ్లు కూడా ఉంటాయి. రెండు ట్యూబ్ మోటార్లను ఒకే స్విచ్‌కు నేరుగా కలపకూడదు. ఒకదాని కెపాసిటర్ గుండా రెండోదానికి కరెంటు తిరిగి పారి రెండూ పాడవుతాయి. మధ్యలో రిలే (రెండిటినీ విడదీసే స్విచ్) ఉండాలి. ఇనప షట్టర్‌కు ట్యూబ్ మోటార్ పెట్టమని నేను చెప్పను.

పెద్ద షోరూములకు, లాడ్జీల సెల్లార్లకు వాడే వెయ్యి కేజీల మోటార్లు త్రీ ఫేజ్‌వి ఉంటాయి. ఇంటికి అవి అక్కర్లేదు.

ఖర్చు, పైసా పైసా

పైన చెప్పిన పది ఎనిమిది షెడ్డుకే కడదాం. 300 కేజీల సైడ్ మోటార్ 13,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,340. ఇక్కడే మొదటి తేడా వస్తుంది, ఫోన్‌లో చెప్పే ధరల్లో పన్ను కలిపి చెప్పేవాళ్లు తక్కువ. బిగింపు కూలి, ఇద్దరు మనుషులకు, 2,500. విడిగా ఎంసీబీ, మంచి వైరు, ఎర్తు, పిడుగుల కాలం కోసం సర్జ్ ప్రొటెక్టర్ కలిపి 1,500. రెండు బేరింగులు, గైడు సరిచేయడం, గ్రీజు కలిపి 1,500. ఇదంతా 20,840. ఊహించని వాటికి ఇంకో రెండు వేలు పక్కన పెడితే, చేతిలో 23,000 ఉంచుకుని మొదలుపెట్టాలి. సేఫ్టీ బ్రేకు, కింద అడ్డం వస్తే ఆపే ఫొటో సెన్సర్ కూడా కావాలంటే ఇంకో ఐదారు వేలు.

ఊహించనివి ఏవి? అన్నిటికంటే తరచుగా వచ్చేది ప్లేటు. ఒక్కో కంపెనీ మోటార్‌కు బోల్టు రంధ్రాల దూరం ఒక్కోలా ఉంటుంది. పాత కంపెనీదే, పాత మోడలే దొరికితే బోల్టులు విప్పి బిగించడంతో సరి. వేరేది కొంటే ప్లేటు మార్చాలి, లేదా కొత్త రంధ్రాలు వేయాలి, మోటార్ వైపు చిన్న పళ్లచక్రం గొలుసుకు సరిపోకపోతే అదీ మార్చాలి. దాంతో వెల్డింగు, లేత్ పని వచ్చి రెండు మూడు వేలు చేరుతుంది. అందుకే పాత మోటార్ మీది పేరు రేకును (వివరాలు ముద్రించిన చిన్న రేకు) ఫొటో తీసుకుని, గొలుసు పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం) కొలుచుకుని దుకాణానికి వెళ్లడం లాభం. అర అంగుళమా, అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులా (5/8) అన్నదే తేడా.

రెండోది బేరింగు. పైపు చివరలు కూర్చునే పెడస్టల్ బేరింగుల మీద 206, 207, 208 అని అంకె ఉంటుంది. వరసగా 30, 35, 40 మిల్లీమీటర్ల షాఫ్టుకు. ఆ అంకె చెబితే బేరింగుల దుకాణంలో దొరుకుతుంది. మోటార్ మార్చే రోజు షట్టర్ ఎలాగూ విప్పుతారు, బేరింగులు అప్పుడే మార్చడం తెలివి. వాటికోసమే ఇంకోసారి పిలిస్తే సామాను మూడొందలు, కూలి పదిహేను వందలు.

ఎక్కడ కొనాలి

తిరుపతిలో, చిత్తూరులో షట్టర్లు తయారుచేసే వర్క్‌షాపులదే ఈ పనిలో పైచేయి. వెల్డింగు, ప్లేటు, గైడు, మోటార్ అన్నీ ఒకరి చేతి మీదుగా జరుగుతాయి. రేపు షట్టర్ ఇరుక్కుంటే "అది మోటార్ తప్పు", "కాదు గైడు తప్పు" అని ఇద్దరి మధ్య నలగనక్కర్లేదు. వాళ్ల లోటు ఎలక్ట్రికల్ పనిలో. ఎర్తు కలపకుండా, సన్నని వైరుతో, లైటు స్విచ్ లైన్లోంచే మోటార్‌కు కరెంటు తీసే అలవాటు చాలామందికి ఉంది. ఆ భాగం మీ ఎలక్ట్రీషియన్‌తో విడిగా చేయించుకోవడం మేలు.

సీసీటీవీ, గేటు ఆటోమేషన్ చేసే దుకాణాలు బోర్డు, రిమోట్, సెన్సర్ల సంగతి బాగా చూస్తాయి. షట్టర్ ఇనప పనిలో వాళ్ల చెయ్యి అంత తిరగదు. ఉన్న షట్టర్ బాగుండి, అదే కంపెనీ మోటార్ మార్చడమే అయితే వాళ్లు సరిపోతారు.

చెన్నై నుంచి తెప్పించుకుంటే ధర తగ్గుతుందన్నది నిజమే. చిత్తూరువాళ్లకు వేలూరు ఇంకా దగ్గర, దాదాపు ముప్పై అయిదు కిలోమీటర్లే. కానీ ముప్పై కిలోల పెట్టెకు లారీ పార్శిల్ ఖర్చు, పాడైతే తిరిగి పంపే ఖర్చు లెక్కేస్తే మిగిలేది వెయ్యి రూపాయలు కూడా ఉండదు. ఒక్క మోటార్ కోసం ఆ శ్రమ వద్దు. ఆన్‌లైన్‌లో తొమ్మిది వేలకు కనిపించేవి ప్లేటు, పళ్లచక్రం, కొన్నిసార్లు రిసీవర్ బోర్డు కూడా లేకుండా వస్తాయి. పెట్టెలో ఏమేమి ఉన్నాయో రాసిన వరస చదవకుండా కొనకూడదు. వైండింగ్ రాగిదా అల్యూమినియందా అన్నది కూడా అందులో ఉండాలి. లేకపోతే అల్యూమినియమే అనుకోవాలి.

గ్యారంటీ మాట దగ్గర జాగ్రత్త. మోటార్‌కు ఏడాది అంటారు. బోర్డుకు, రిమోట్‌కు ఎంత అన్నది విడిగా బిల్లు మీద రాయించాలి, ఎందుకంటే మొదట పోయేవి అవే. వోల్టేజీ వల్ల కాలితే గ్యారంటీ వర్తించదని దాదాపు ప్రతి కార్డు మీదా ఉంటుంది. పదిహేను వందల ఎలక్ట్రికల్ పని మానుకోకూడదని చెప్పేది అందుకే.

బిగించే రోజు

పాత మోటార్ విప్పే ముందు షట్టర్ పూర్తిగా నేలకు దించాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. షట్టర్‌ను పైన పట్టుకుని ఉండేది మోటార్‌లోని బ్రేకే. షట్టర్ పైనుండగా గొలుసు విప్పితే మొత్తం రేకు మీద పడుతుంది. మోటార్ పైనే ఆగిపోతే చేతి గొలుసుతో దించాలి. అదీ తిరక్కపోతే రెండు వైపులా ఇనప ఆనుడు పెట్టి, రేకు చుట్టను పైపుకు గొలుసుతో కట్టాకే చెయ్యి పెట్టాలి.

వైర్లు ఏది ఎక్కడ ఉందో విప్పే ముందు ఫొటో తీయాలి. రంగులు కంపెనీకొక రకం. పైకి, కిందికి వెళ్లే రెండు తీగలకూ ఒకేసారి కరెంటు అందేలా తప్పు కలిపితే కొత్త మోటార్ ఆ నిమిషంలోనే పోవచ్చు. ప్లేటుకు వెల్డింగు చేసేటప్పుడు బోర్డు వైర్లు ఊడదీసి ఉంచాలి. వెల్డింగు ఎర్తు క్లాంపు అతుకు పక్కనే పట్టించాలి. దూరంగా పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా పారి వాటి గుండ్లను మచ్చలు చేస్తుంది.

రెండు పళ్లచక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో తిన్నని బద్ద ఆనించి చూడాలి. గొలుసు మధ్యలో వేలితో నొక్కితే సెంటీమీటరున్నర దాకా ఆడాలి, తీగలా బిగిస్తే బేరింగు తినేస్తుంది. లిమిట్ పెట్టేటప్పుడు ముందు పై హద్దును ఒక అడుగు తక్కువలో ఉంచి, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. మొదటిసారే పూర్తి ఎత్తుకు వదిలితే కింది పట్టీ గైడులోంచి ఊడి పైపు మీదికి చుట్టుకుపోతుంది.

చివర క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) ఆంపియర్లు చూడాలి. లేచేటప్పుడు చూపే సంఖ్య పేరు రేకు మీది సంఖ్యను మించకూడదు. మించితే షట్టర్ ఎక్కడో పట్టేస్తోంది, గైడు వంగిందో పట్టీ జరిగిందో అక్కడే కనిపెట్టాలి. డబ్బు పూర్తిగా ఇచ్చేది ఈ సంఖ్య చూశాకే. గైడుల్లో మామూలు గ్రీజు పూయనివ్వకండి. మన దుమ్ముకు అది నెల రోజుల్లో ఉప్పుకాగితంలా గీరుకుంటుంది. గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు. గ్రీజు గొలుసుకు, బేరింగులకు.

కరెంటు పోతే, పిల్లలుంటే

షెడ్డులోకి ఆ షట్టర్ తప్ప వేరే దారి లేకపోతే, లోపల వేలాడే చేతి గొలుసు మీకు పనికిరాదు. బయట ఉన్నప్పుడు కరెంటు పోతే ఇంటి ముందే నిలబడాలి. బయటి నుంచి తాళంతో తెరిచే విడుదల ఏర్పాటు గానీ, బ్యాటరీతో నడిచే 24 వోల్టుల డీసీ మోటార్ గానీ అలాంటి ఇళ్లకే. డీసీ మోటార్ ఏడెనిమిది వేలు ఎక్కువ పడుతుంది, బ్యాటరీలు కొన్నేళ్లకోసారి మార్చాలి. ఇంటి ఇన్వర్టర్ మీద ఏసీ మోటార్ నడిపించమని అడుగుతుంటారు. మొదలయ్యే క్షణంలో మోటార్ మామూలు కంటే మూడు నాలుగు రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్లు అక్కడే ట్రిప్పవుతాయి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే మోటార్ వేడెక్కుతుంది కూడా.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే గరాజ్ డోర్ ఓపెనర్ వీడియోలు ఇక్కడి కొనుగోలుకు పనికిరావు. అక్కడి తలుపు పలకలుగా విడిపోయి సీలింగు కిందికి జారేది, ఓపెనర్ దాన్ని లాగుతుంది. మనది చుట్టుకునే రేకు. కానీ అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఒకటుంది. 1993 నుంచి అక్కడ ఇళ్లకు తయారయ్యే ప్రతి ఓపెనర్‌కూ, కింద మనిషి గానీ వస్తువు గానీ ఉంటే తలుపు మూసుకోకుండా చూసే ఏర్పాటు చట్టప్రకారం తప్పనిసరి. మన మామూలు సైడ్ మోటార్ బోర్డుకు కింద ఏముందో తెలియదు. ఫొటో సెన్సర్ పెట్టించలేకపోతే కనీసం కిందికి దిగే బటన్‌ను "నొక్కి పట్టుకున్నంత సేపే" పద్ధతికి మార్పించండి. చాలా బోర్డుల్లో అది చిన్న స్విచ్ జరిపే పని, ఖర్చు సున్నా. వేలు తీయగానే షట్టర్ ఆగుతుంది.

రిమోట్ రోలింగ్ కోడ్‌దా, అంటే నొక్కిన ప్రతిసారీ కోడ్ మార్చేదా, అని అడగండి. ఎప్పుడూ ఒకే కోడ్ పంపే చౌక రిమోట్లను నకలు చేయడం తాళంచెవి చేయించినంత తేలిక. పాత అద్దెదారు దగ్గర రిమోట్ ఉండిపోతే బోర్డు జ్ఞాపకం మొత్తం చెరిపి మళ్లీ నేర్పించాలి. దీనికి మెకానిక్ అక్కర్లేదు, బోర్డు మీది లెర్న్ బటన్ పని. ఎలాగో పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం దాచుకోండి.

షట్టర్ బదులు జరిగే గేటు ఉన్నవాళ్లకు లెక్క వేరు. అక్కడ మోటార్ నేల మీద ఉంటుంది. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసినవాళ్లు, కొత్త మోటార్‌ను పాత దిమ్మె మీదే పెట్టించకూడదు. కనీసం అడుగు ఎత్తు దిమ్మె కట్టించి, పళ్లపట్టీని గేటు మీద ఆ మేరకు పైకి జరపాలి. దానికి వెల్డింగుతో కలిపి మూడు నాలుగు వేలు విడిగా రాసుకోండి.

పాత మోటార్‌ను కూలిలో తగ్గించుకుని బిగించేవాళ్లకే వదిలేయడం మామూలు. వైండింగ్ మాత్రమే కాలి, కొత్తది కూడా అదే మోడలైతే వదలొద్దు. బ్రేకు కాయిల్, లిమిట్ పెట్టె, చేతి గొలుసు చక్రం, కెపాసిటర్ విప్పి సంచిలో దాచుకోండి. కొత్త మోటార్‌కు ముందుముందు వచ్చే రిపేర్లకు అవి పనికొస్తాయి.